పోటు

"మీ సీసా పని అయిపోయినట్టే దైవాధీనం గారూ. బుడగలు ఆగిపోయాయి. రేపు గొట్టం తీసేద్దాం" అన్నాడు చిన్నడాక్టరు శశిధర్, స్టెతస్కోపు మడిచి తెల్లకోటు జేబులో కుక్కుకుంటూ.

మూడో నంబరు మంచం పక్కన నేలమీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్న నాంచారమ్మ చివాలున లేచింది. బత్తాయి ఒళ్ళోంచి జారి మంచం కిందికి దొర్లిపోయింది. ఆ పిల్లకి పెళ్ళయి డెబ్భై రెండు రోజులు. ఎవరడిగినా రెండున్నర నెలలని చెప్పదు, వేళ్ళమీద లెక్క చూసుకుని డెబ్భై రెండనే చెబుతుంది. "విన్నావా బావా? రేపు తీసేస్తారంట!" అంటూ మొగుడి జుట్టంతా చెరిపేసి, వెంటనే తన వేళ్ళతోనే పాపిడి తీసి సర్దింది. మంచంమీదున్న పిచ్చేశ్వరరావు నవ్వబోయి, కుడివైపు పక్కటెముకల్లో కలుక్కుమనడంతో ఆగాడు. ఆ సగం నవ్వే ఆమెకి చాలింది. మెట్టెలు గచ్చుమీద టకటకలాడేలా మంచం చుట్టూ ఒక చుట్టు తిరిగింది.

వార్డుబాయి దైవాధీనం నవ్వలేదు. మోకాళ్ళమీద చేతులానించి వంగి, మంచం కింద సీసా వైపు చూశాడు. మంచి కబురు ఎవరి నోట వచ్చినా అతను మొదట చేసే పని వంగి చూడటం.

పొట్టి మనిషి. యాభై ఆరేళ్ళు. నుదుటిమీద రెండు అడ్డగీతలు చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా విప్పుకోవు. ఖాకీ చొక్కా పైజేబులో టార్చిలైటు, కింది జేబులో పెన్సిలు ముక్క, గుడ్డప్లాస్టరు చుట్ట. బందరులోని ఈ ఆసుపత్రిలో పాతికేళ్ళుగా వార్డుపనీ, ఆపరేషను థియేటరు పనీ రెండూ అతనివే. టీ వస్తే గ్లాసు వెలుగుకి ఎత్తి చూసి నీళ్ళెన్ని కలిపారో చెబుతాడు. దూది కట్టలు తెచ్చిన మనిషి ఎదుటే మళ్ళీ లెక్కపెడతాడు. ఇంటినుంచి తెచ్చుకునే స్టీలు క్యారేజీకి చిన్న ఇత్తడి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకుంటాడు.

"మీ పప్పుచారు ఎవరెత్తుకుపోతారండీ?" అని సిస్టర్ సువర్ణ ఒకసారి ఏడిపించింది.

"పప్పుచారని నీకెలా తెలిసింది?" అన్నాడు అతను. వార్డంతా నవ్వింది. అతను ఆ రోజంతా క్యారేజీని చంకలోంచి దించలేదు.

సీసా దగ్గర మాత్రం అతని అనుమానాన్ని ఎవరూ ఎగతాళి చెయ్యరు. ఛాతీలోకి ఏదైనా దిగబడినవాళ్ళకి పక్కటెముకల మధ్యనుంచి గొట్టం వేస్తారు. దాని రెండో కొస సీసాలో రెండు వేళ్ళ లోతు నీళ్ళలో మునిగి ఉంటుంది. ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి బుడగలై బయటికి పోతుంది, నెత్తురు దిగుతుంది. బయటి గాలి మాత్రం ఆ నీళ్ళు దాటి లోపలికి వెళ్ళలేదు. రోగి ఊపిరి పీల్చినప్పుడు గాజుగొట్టంలో నీళ్ళు పైకెక్కుతాయి, వదిలినప్పుడు దిగుతాయి. దైవాధీనం దాన్ని ఊగుడు అంటాడు. గంటగంటకీ సీసామీద అంటించిన ప్లాస్టరు పట్టీపై పెన్సిలుతో గీత గీసి, పక్కన వేళ వేస్తాడు. ఆ పెన్సిలు ఇంకొకరి చేతికివ్వడు.

ఇప్పుడు ఆ నీళ్ళు ఊగడం లేదు. ఊగుడు ఆగితే రెండే అర్థాలు. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని గొట్టానికి పని లేకుండా పోవాలి, లేదా గొట్టమే మూసుకుపోవాలి. ఒకటి బతుకు, ఒకటి చావు. రెండిట్లోనూ సీసా ఒక్కలాగే ఉంటుంది.

పట్టీమీద నిన్న సాయంత్రం ఆరింటి గీత, ఇవాళ పొద్దున ఆరింటి గీత ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నిన్నటిదాకా గంటకింత చొప్పున దిగింది, ఒక్కసారిగా ఎక్కడికి పోయింది? సిస్టర్ జ్వరం కాగితంలో నూటొకటి అని రాసింది. అతను పిచ్చేశ్వరరావు ముక్కుపుటాలు చూశాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా అవి ఎగురుతున్నాయి.

"దగ్గు" అన్నాడు.

"నొప్పండీ..."

"నొప్పైనా దగ్గు."

పిచ్చేశ్వరరావు దిండుని పక్కకి అదుముకుని దగ్గాడు. గాజుగొట్టంలో నీళ్ళు కదల్లేదు.

"ఏంటి బాబాయ్‌గారూ అట్లా చూస్తారు? డాక్టరుగారు బాగుందన్నారుగా" అంది నాంచారమ్మ. గొంతులో మెట్టెల చప్పుడంత హుషారు ఇంకా ఉంది.

"ఆయన బుడగలు చూశాడు" అన్నాడు దైవాధీనం.

అతను వీళ్ళని కూడా నమ్మలేదు. సోమవారం సాయంత్రం గిలకలదిండి నుంచి పిచ్చేశ్వరరావుని రిక్షాలో తెచ్చినప్పుడు స్ట్రెచరు పట్టుకున్నది తనే. కుడి చనుమొన కింద అంగుళమున్నర చీలిక, పదునుగా, అంచులు శుభ్రంగా. పిల్లవాడు ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాడు. వెంట వచ్చింది నాంచారమ్మ అన్న కోదండం. చొక్కా నిండా నెత్తురు. ఏమైందని అడిగితే తల వంచుకుని, "చెల్లెల్ని తీసుకొస్తా" అంటూ బయటికి పరిగెత్తాడు. ఆ పరుగు దైవాధీనం మనసులో ముల్లులా నాటుకుంది. ఆ తర్వాత రేవులోవాళ్ళు చెప్పారు, పెళ్ళిభోజనాల్లో వంజరం చేప ముక్క తన విస్తట్లో పడలేదని కోదండం అలిగి, బావా బావమరుదులు మాటామాటా అనుకున్నారట. ఇంకేం కావాలి? నిన్న సాయంత్రం గేటు దగ్గర జావ చెంబుతో వస్తున్న కోదండాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. రేపు కోర్టులో పెడతారట.

మొగుడూ పెళ్ళాలిద్దరూ నాలుగు రోజులుగా ఒకటే చెబుతున్నారు, పడవ నడిపే వెదురు గెడ విరిగి గుచ్చుకుందని. ఎవరూ చెవిన పెట్టలేదు. ఎలా పెడతారు? కత్తిపోటు తిన్నవాళ్ళ తాలూకువాళ్ళు రెండో రోజుకల్లా ఒకటవుతారు. ఈ పాతికేళ్ళలో దైవాధీనం ఎన్ని వినలేదు! గేదె పొడిచింది. సైకిలు బ్రేకు గుచ్చుకుంది. కొబ్బరిచెట్టు మీంచి కత్తి దానంతటదే జారింది. అందుకే ఆసుపత్రిలోనూ స్టేషన్లోనూ ఒకటే నమ్మకం: మొదట అన్న మాటే నిజం, తర్వాతవన్నీ ఇంట్లో కూర్చుని కుట్టుకున్నవి. ఇతను స్ట్రెచరుమీద మొదట అన్న మాట దైవాధీనం చెవులారా విన్నాడు. పోటు.

అతను స్పిరిటులో వేళ్ళు తడుపుకుని మంచం పక్కన కూలబడ్డాడు. రబ్బరు గొట్టాన్ని ఛాతీ దగ్గర ఎడమచేత్తో బిగించి, కుడిచేతి బొటనవేలితో, చూపుడువేలితో ఆవు పొదుగు పితికినట్టు కిందికి పితుక్కుంటూ వచ్చాడు. ఒకసారి. రెండుసార్లు. మధ్యలో ఒకచోట వేళ్ళకి లోపల ఏదో మెత్తగా ఉండలా తగిలింది. అక్కడే ఆగి, నిమిరి, నలిపి, మళ్ళీ పితికాడు. నుదుటినుంచి చెమట జారి ముక్కుకొసన వేలాడింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

నాంచారమ్మ తన పమిట చెంగుతో ఆ చెమట తుడిచేసింది. అడక్కుండా, సొంత బాబాయికి తుడిచినట్టే. అతను ఉలిక్కిపడి చూసి, మళ్ళీ గొట్టంమీదికి వంగాడు.

ఐదోసారికి నల్లటి గడ్డ ఒకటి జలగలా జారి సీసాలో పడింది. దాని వెనక చిక్కగా, పసుపూ ఎరుపూ కాని రంగులో చీము బొళుక్కుమని దిగింది. వాసన గుప్పుమంది. పిచ్చేశ్వరరావు బుస్సున ఊపిరి వదిలాడు. అంతే, గాజుగొట్టంలో నీళ్ళు కదిలాయి. పైకెక్కాయి, దిగాయి, మళ్ళీ ఎక్కాయి.

"పోటొచ్చింది!" అంది నాంచారమ్మ చప్పట్లు కొట్టి. "బావా, పోటొచ్చింది! ఇదిగో ఆటు. ఇదిగో మళ్ళీ పోటు!"

దైవాధీనం చేతులు గొట్టంమీదే ఆగిపోయాయి.

"ఏమన్నావ్?"

ఆ పిల్ల తప్పు చేసినట్టు సిగ్గుపడింది. "ఏం లేదండీ. మా కాలవలో నీళ్ళు ఇట్టాగే ఎక్కుతాయి, దిగుతాయిగా. మొన్నట్నించి నేనూ బావా ఈ సీసా చూసుకుంటా ఆటూ పోటూ అనుకుంటన్నాం, పొద్దుపోక."

అతను లేచి మంచం మీదికి వంగాడు. "ఒరే అబ్బాయ్, సోమవారం స్ట్రెచరుమీద నాతో ఏమన్నావు? గుర్తుందా?"

"పోటు మీదుందని చెప్పానండీ" అన్నాడు పిచ్చేశ్వరరావు, మాటమాటకీ ఆగుతూ. "సముద్రంలో కలిసే మొగ దగ్గర... పోటు మీద పడవ తిరగబడతంటే... గెడ నేలకి ఆనించా. పెఠీలుమని విరిగింది. విరిగిన మొన మీదకే పడ్డా. ఇదంతా చెబుదామనుకున్నా... గాలి అందలా."

గాలి అందినంతవరకు ఒక్క మాటే వచ్చింది. ఆ మాట దైవాధీనం చెవిలో పడింది. మిగతాదంతా దైవాధీనం పూరించాడు.

అతను చేతులు కడుక్కోకుండానే ముందు గదిలోకి నడిచాడు. రాతబల్ల దగ్గర గుమాస్తా శ్యాంబాబు పెద్ద రిజిస్టరు మీద మోచేతులానించి పేపరు చదువుతున్నాడు.

"సోమవారం నేను నీతో కత్తి అన్నానా?"

"పొద్దున్నే ఏంటండీ ఇన్‌స్పెక్షను?"

"అన్నానా, లేదా?"

శ్యాంబాబు రిజిస్టరు తిప్పాడు. "ఏమైందని అడిగితే, ఇంకేముంది, పోటు అన్నారు. నేను కత్తిపోటు అని రాశా. మీరు చూసి తలూపారు కూడా."

"కత్తి అని నేననలేదుగా?"

"పోటంటే మరింకేంటండీ? మాది గుడివాడ. మాకు తెలిసిన పోట్లు రెండే, తలపోటూ కత్తిపోటూ. తలపోటుకి ఛాతీలో గొట్టం వెయ్యరుగా!" తన మాటకి తనే నవ్వుకున్నాడు. తర్వాత దైవాధీనం మొహం చూసి నవ్వు ఆపాడు. "సముద్రం పక్కూరు మీది. ఇంకేదన్నా పోటుంటే మీకు తెలియాలి."

దైవాధీనం రిజిస్టరులో ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. కత్తి అన్న మాట రోగి అనలేదు. తాను అనలేదు. ఎవరి నోటినుంచీ రాని మాట కాగితం మీద ఉంది. దాని కింద ఒక మనిషి స్టేషన్లో కూర్చున్నాడు.

ఒకప్పుడు కోడూరు అవతల, ఉప్పుటేరు గట్టున దైవాధీనం వాళ్ళ ఇల్లు. చెల్లెలు గ్రేస్ గట్టుకి చీపురుపుల్ల గుచ్చి, నీళ్ళు ఎంతెక్కాయో బొగ్గుతో గీతలు పెట్టేది. "పోటొచ్చిందన్నా!" అని అరిచేది. ఉప్పెన వచ్చిన ఏడాది, ఆ రోజు పొద్దున, డ్యూటీకని బయల్దేరి బస్సుకోసం నిలబడితే, "తుఫాను దారి మళ్ళిందంట, భయం లేదు" అన్నారెవరో. మంచి కబురు. అతను నవ్వుతూ బస్సెక్కాడు. ఆ తర్వాత వారానికి దారులు తెరుచుకుని వెళ్తే ఇల్లు లేదు, గట్టు లేదు, అమ్మా చెల్లీ లేరు. మళ్ళీ అటు వెళ్ళలేదు. పోటన్న మాట కూడా ఆ అర్థంలో మళ్ళీ నోట పలకలేదు. ఆసుపత్రిలో దానికి వేరే అర్థం ఉంది. అదే చాలనుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో చెవి కూడా అలాగే అయిపోయింది.

పది గంటలకి పెద్దడాక్టరు నాగభూషణరావు గారు వచ్చారు. ఆయన కారు దిగుతుండగానే దైవాధీనం ఎదురు వెళ్ళాడు.

"మూడో నంబరు సార్. గొట్టం మూసుకుపోయింది, పితికితే చీమొచ్చింది. లోపల వెదురుపేడు ఉండిపోయిందని నా అనుమానం."

"వెదురేంటయ్యా? కత్తి కదా?"

"కత్తి కాదు సార్. గెడ విరిగి గుచ్చుకుంది. పొరపాటు నాదే. అతను పోటన్నది సముద్రం పోటు. నేను కత్తిపోటనుకున్నాను."

నాగభూషణరావు గారు కళ్ళద్దాల మీంచి అతన్ని తేరిపార చూశారు. పాతికేళ్ళ పరిచయంలో ఆ చూపు దైవాధీనం ఎరగడు. ఎదుటివాళ్ళ మీద తాను వేసే చూపు అచ్చం అలాగే ఉంటుందని అప్పుడే తెలిసింది.

"ఆ కుర్రాణ్ణి రేపు కోర్టులో పెడతారట. ఇవాళ నువ్వొచ్చి మాట మార్చేస్తున్నావు. ఏం దైవాధీనం, నువ్వూ కాంప్రమైజేనా? ఏమిచ్చారు?"

పక్కనున్న శశిధర్ నేలచూపులు చూశాడు. దైవాధీనానికి పొద్దున చెమట తుడిచిన పమిట చెంగు గుర్తొచ్చింది. ఇచ్చిందంటే అదొక్కటే.

"నా మాట నమ్మొద్దు సార్" అన్నాడు. "కోసి చూడండి."

ఆయన వార్డులోకి నడిచారు. సీసా ఎత్తకుండా కిందనే ఉంచి, టార్చి వేయించుకుని చీము చూశారు. వీపుమీద వేళ్ళతో తట్టారు. పైన డొల్లగా, కింద మొద్దుగా పలికింది. ఎక్స్‌రే ఫిల్ము కిటికీ వెలుగుకి పట్టుకున్నారు. కింది భాగమంతా మబ్బు కమ్మినట్టుంది. ఇనుము తునక లాంటిదేమీ లేదు.

"ఇందులో ఏమీ లేదే?" అన్నాడు శశిధర్.

"వెదురు ఇందులో కనపడదయ్యా" అన్నారు పెద్దడాక్టరు, తనలో తను అనుకున్నట్టుగా. ఫిల్ము దించి, "సీసా బుడగలు ఆపింది కాబట్టి రేపు గొట్టం పీకేసి ఉంటే, ఎల్లుండి మనం మనిషిని వెతుక్కోవాల్సి వచ్చేది. చీముంది కాబట్టి ఎలాగూ తెరవక తప్పదు. పేడు ఉందో లేదో తెరిచాక తెలుస్తుంది. మత్తు డాక్టరుగారికి గుడివాడ ఫోను చెయ్యండి" అన్నారు. వెళ్ళబోతూ దైవాధీనం వైపు తిరిగారు. "లేకపోతే మాత్రం నువ్వు ఎస్సైగారికి సమాధానం చెప్పుకోవాలి."

శశిధర్ చెవులు ఎర్రబడ్డాయి. నాంచారమ్మ ఆపరేషను ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టడానికి చాలాసేపు తీసుకుంది. ఐదో క్లాసు చదివింది. పేరులో ప్రతి అక్షరమూ గుండ్రంగా, ముగ్గు వేసినంత శ్రద్ధగా రాసింది. రాసి తలెత్తింది.

"ఛాతీ తెరుస్తారంటగా బాబాయ్? బతుకుతాడని మీకు నమ్మకమేనా?"

నమ్మకం అన్నది దైవాధీనం వాడే మాట కాదు. అబద్ధం ఆడటం చేతకాలేదు. "పక్కనే ఉంటాను" అన్నాడు.

రెండింటికి మొదలుపెట్టారు. రోగిని ఎడమపక్కకి పడుకోబెట్టి, కుడిచెయ్యి పైకెత్తి కట్టారు. గుడివాడ నుంచి వచ్చిన మత్తు డాక్టరమ్మ నల్లటి రబ్బరు సంచిని లయగా నొక్కుతూ కూర్చుంది. పాత గాయం వెంబడే నాగభూషణరావు గారు పక్కటెముకల వాలున ఒక జానెడు కోశారు. తోలు, కొవ్వు, ఎర్రటి కండ ఒక్కో పొరా విడిపోయింది. నెత్తురు చిమ్మిన చోటల్లా చిన్న పట్టకారు టిక్కుమంటూ పడింది. రెండు ఎముకల మధ్య ఇనుప చట్రం పెట్టి మర తిప్పుతుంటే కిర్రుమంది. లోపలినుంచి చీము ఉబికింది. పీల్చే గొట్టం గరగరలాడింది. దైవాధీనం పీల్చిందంతా పడే జాడీ వైపు చూస్తూ నిలబడ్డాడు. మూడు వందలు. నాలుగు వందల యాభై.

అడుగున ఊపిరితిత్తి కనిపించింది. గులాబీ రంగులో ఉండాల్సింది బూడిద రంగు పూత పట్టి, నలిగిన గుడ్డలా ముడుచుకుని ఉంది. పెద్దడాక్టరు చెయ్యి మణికట్టుదాకా లోపలికి దించి తడిమారు. గోడవెంబడి. అడుగున. వెనకవైపు.

"ఏమీ లేదయ్యా" అన్నారు.

దైవాధీనం తల ఎత్తలేదు. తాను పొద్దున విన్నది నిజమేనా? చప్పట్లు కొట్టిన పిల్ల, చెమట తుడిచిన పమిట, ఇవన్నీ ముందే కుట్టుకున్నవైతే? పాతికేళ్ళ అలవాటు లోపలినుంచి లేచి కూర్చుంది. అదే అలవాటు ఇంకో మాటా అంది. అడుగున చూశారు సరే, పైన చూశారా?

"సార్" అన్నాడు మెల్లగా. "అతను విరిగిన మొనమీదికి పైనుంచి పడ్డాడు. కింద నుంచి పైకి దూరి ఉంటుంది."

నాగభూషణరావు గారు చేతిని తిప్పి, వేళ్ళని ఊపిరితిత్తి మీదుగా పైకి, వీపువైపు సందులోకి పంపారు. కళ్ళు మూసుకున్నారు. వేళ్ళతో చూసేటప్పుడు ఆయన అలాగే కళ్ళు మూసుకుంటారు.

"పట్టకారు" అన్నారు.

బయటికొచ్చింది వేలెడంత పేడు. ఒక పక్క నున్నగా వెదురుతోలు, దానిమీద పడవలకి పూసే నల్లటి కీలు మరక. రెండో పక్క ఈనెలు ఈనెలుగా చీలి ఉంది. అంచు కత్తి అంచులాగే పదునుగా ఉంది. పళ్ళెంలో పడ్డప్పుడు చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

ఊపిరితిత్తి మీది చిరుగుకి రెండు కుట్లు వేశారు. గోరువెచ్చటి సెలైనుతో మూడుసార్లు కడిగారు. బూడిదపూతని గాజుగుడ్డతో నెమ్మదిగా వలిచారు. మత్తు డాక్టరమ్మ సంచి గట్టిగా నొక్కింది. ముడుచుకున్న గుడ్డ మూలమూలలా విచ్చుకుంటూ, గులాబీ రంగు తేలుతూ లేచింది. ఎన్నిసార్లు చూసినా అది లేవడం దైవాధీనానికి కొత్తగానే ఉంటుంది. పైన ఒకటి, కింద ఒకటి రెండు గొట్టాలు వేసి మూసేశారు. రెండు సీసాలు. రెంటిలోనూ ఊగుడు.

చేతితొడుగులు విప్పుతూ నాగభూషణరావు గారు, "ఆ పేడు సీసాలో వేసి సీలు చెయ్యండి. ఎస్సైగారికి నేనే చీటీ రాస్తాను" అన్నారు. దైవాధీనాన్ని దాటుతూ ఆగారు. పొద్దున అన్నదాని గురించి ఏదో చెబుదామనుకున్నట్టుంది. "రిజిస్టరులో ఆ మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టించు" అని మాత్రం అన్నారు. దైవాధీనానికి అది చాలు.

శ్యాంబాబు ఎర్ర ఇంకుతో కత్తిని కొట్టేశాడు. "మరి ఈ పోటుంచమంటారా, తియ్యమంటారా?"

"ఉంచు."

పొద్దు వాలుతుండగా కోదండాన్ని వదిలేశారు. నేరుగా వార్డుకే వచ్చాడు. పెళ్ళిలో ముక్క పడలేదని అలిగిన మనిషి, మంచంమీద మగతగా ఉన్న బావ అరికాలు పట్టుకుని నిలబడ్డాడు. నాంచారమ్మ ఒక పక్క ఏడుస్తూ, ఇంకో పక్క, "ఇంటికొచ్చాక వంజరం మొత్తం నీకే వండి పెడతాలే, మింగు" అని అన్నని దెప్పుతోంది. పిచ్చేశ్వరరావు కళ్ళు తెరవకుండానే ఒక వేలు కదిలించాడు. ఆ పిల్ల ఆ వేలు పట్టుకుంది. వదిలితే పోతుందేమోనన్నట్టు, మళ్ళీ అప్పుడే దొరికిందన్నట్టు కూడా. బత్తాయి ఇంకా మంచం కిందనే ఉంది. దాన్ని వెతికి తీసి, కడిగి, మూడు వాటాలు వేసింది. ఒక వాటా దైవాధీనానికి చాపింది.

అతను తొనని వెలుగుకి ఎత్తి చూడలేదు. నోట్లో వేసుకున్నాడు.

"పొద్దున్నుంచి మీరు తిన్నది ఇదేనా?" అని అడిగాడు.

"ఆకలి లేదండీ."

అబద్ధం. అతనికి తెలుసు. కిటికీ గట్టుమీద ఉన్న తన క్యారేజీ దగ్గరికి వెళ్ళి, మొలతాడుకున్న చెవిని విప్పి తాళం తీశాడు. ఇవాళ మధ్యాహ్నం అతనూ తినలేదు. గిన్నెలు విడదీసి వాళ్ళిద్దరి ముందూ పెట్టాడు. పప్పుచారే. తర్వాత మంచం పక్కన కూర్చుని, రెండు సీసాలకీ కొత్త ప్లాస్టరు పట్టీలు అంటించి, ఆరింటి గీతలు గీశాడు. లేస్తూ, పెన్సిలు ముక్కని నాంచారమ్మ చేతిలో పెట్టాడు.

"గంటకో గీత గియ్యి. సీసా ఎత్తకు. పోటాగిపోతే మాత్రం ఎవరేమన్నా నమ్మకు. సిస్టర్ని పిలువు."

ఆ పిల్ల తలూపింది. అతని నోట ఆ మాట విని నవ్వింది కూడా.

గుమ్మం దగ్గర సిస్టర్ సువర్ణ కనిపిస్తే, "రేపు నాకు సెలవు కావాలి" అన్నాడు.

"మీకా? సెలవా?" ఆమె చేతిలోని కాగితాలు దించేసింది. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కి కోడూరు వెళ్తాను."

"అక్కడెవరున్నారు మీకు?"

"ఎవరూ లేరు." అతను చెప్పులు తొడుక్కున్నాడు. "పోటు చూసొస్తాను."

గేటుదాకా వెళ్ళి, ఎప్పటిలా ఆగి వెనక్కి తిరిగి చూడకుండా, రోడ్డు దాటి ఇంటివైపు మళ్ళాడు. వార్డులో దీపాలు వేశారు. కిటికీ గట్టుమీద ఇత్తడి తాళం, చెవి దానిలోనే ఉండగా, నోరు తెరుచుకుని పడి ఉంది.